సైరన్ ఆగే దాకా

పష్త్‌దరా బడి నుంచి,
జర్దాలు పళ్ళు ఎండబెట్టే రోజులు.

అలిఫ్‌బెక్‌కి నుక్రా రాసేది.

నేనూ పర్వోనా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, నీ గదిలో ఉండే మనవాళ్ళూ కూడా ఏ నలతా లేకుండా ఉన్నారని నమ్ముతున్నాను. ఈ ఉత్తరం మాస్కో వస్తున్న మన ఊరివాడు తవల్లో చేతికిచ్చి పంపుతున్నాను. మీ సెలవు రోజున, నువ్వు కడుతున్న భవనం మీద కాకుండా నేల మీద ఉన్నప్పుడే ఇవ్వమని మన ఊరి పెద్ద ఖలీఫా అతనికి గట్టిగా చెప్పాడు. నువ్వు చదువుతున్నంతసేపూ అతను పక్కనే కూర్చుంటాడు. విసుక్కోకు, కూర్చోనీ. పొద్దున్నే ఏమీ తినకుండా ఉంటే ముందు ఓ గిన్నెడు పాల చాయ్ తాగి చదవడం మొదలుపెట్టు.

నీ ఉత్తరం చేరింది. అడిగినవన్నీ వరసగా చెబుతాను.

బూట్లు అందాయి. పర్వోనాకి ఒక ఏడాది పెద్దవి. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని బడంతా టకటకలాడిస్తూ తిరుగుతోంది. "నాన్న నా కాలెంతుంటుందో మర్చిపోయాడు" అంది. "మర్చిపోవడమేంటే, నువ్వు పెరుగుతావని తెలిసే కొన్నాడు" అన్నాను. బూట్ల వైపు చూసుకుని, "అయితే పెరిగేదాకా రాడా?" అంది. దానికి జవాబు నువ్వే రాయి. ముందు పళ్ళు రెండూ ఊడాయి. నీ పేరు పలికితే అందులోంచి గాలి పోతోంది.

జర్దాలు పై తోటలో బాగా కాశాయి. కింది తోట సంగతీ, మన ఇంటి కప్పు సంగతీ అడిగావు. అవి తర్వాత రాస్తాను, ఓపిక పట్టు.

ఇక నువ్వు ఉత్తరం చివర గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "కంప్యూటర్ని ముట్టుకోలేదు కదా?" అని.

ముట్టుకున్నాను.

నువ్వే వచ్చి దాన్ని బాగుచేస్తానన్నావు. డిస్కులో అన్నిటికీ మూలమైన రూట్ పార్టిషన్ జోలికి నన్ను పోవద్దన్నావు. కానీ నువ్వు వచ్చేలోగా వేసవి వచ్చేసేది. వేసవిలో మన యంత్రం ఎలా పడుకుంటుందో నీకు తెలుసు. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో మంచు కరిగి ఏరు బురదెత్తడం, పవర్‌హౌస్ పక్కనే కాలువ తల దగ్గర ఊచల జాలీకి ఒండ్రూ చెత్తా పట్టడం, లోపల చక్రం ఆగడం, ఊరంతా కరెంటు పోవడం. మామయ్య పార పట్టుకెళ్ళి జాలీ గోకడం మొదలుపెడితే కరెంటు వెంటనే వచ్చేది. కానీ ఆ తర్వాత కంప్యూటర్ లేవాలి కదా. అకస్మాత్తుగా పడిపోయాను, ఏమైనా పాడైందేమోనని దానికి అనుమానం. డిస్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కో ముక్కా తడిమి చూసుకునేది. ఆ తడుముకోవడం అయ్యేదాకా పై చెరువు దగ్గర మనం పాతిన నీటి కొలబద్ద రేడియోలో ఎంత అరిచినా వినేవాళ్ళుండరు, సైరన్ మోగదు. ఒక్కోసారి మధ్యలో ఆగి పాస్‌వర్డ్ అడిగి, ఎవరో ఒకరు వచ్చి కొట్టేదాకా అలాగే చూస్తూ ఉండేది.

మామయ్య దాన్ని ఏమని ఎగతాళి చేసేవాడో గుర్తుందిగా. "మీ కంప్యూటర్ అచ్చం మా మేనత్త. మూర్ఛపోయి లేస్తే, ఊళ్ళో అందరి పేర్లూ ఒకసారి చదివాక గానీ మంచినీళ్ళడగదు."

నిరుడు ఆగస్టులో అది అలా పాస్‌వర్డ్ అడుగుతూ ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. నువ్వు ఖోరోగ్ పట్నం వెళ్ళావు, నేను గడ్డి కోతలో ఉన్నాను. ఆ పూటే పై చెరువు నిండి గట్టు అంచు తాకింది. గట్టు నిలబడింది కాబట్టి మనం ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఎండ కాస్తే భయం.

మంచు కరిగి దారి తెరుచుకోగానే ఖోరోగ్ వెళ్ళి, కాలేజీలో కంప్యూటర్లు చూసే జెబో అక్కయ్యని కలిశాను. ఆవిడ రెండు కాగితాల మీద ఏం చేయాలో రాసిచ్చి, యంత్రాన్ని నడిపే కొత్త కెర్నెల్ ఉన్న ఒక సీడీ ఇచ్చింది. "భయపడకు నుక్రా, ఇది ఇల్లు పడగొట్టి కట్టడం కాదు. ఉన్న ఫైల్ సిస్టమ్‌కే ఒక జర్నల్ తగిలించడం. చేయబోయే పని ముందు అందులో రాసుకుని, ఆ తర్వాత చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే, లేచాక ఆ నాలుగు ముక్కలు చదువుకుని ఎక్కడ ఆగిందో అక్కడ సర్దుకుంటుంది. డిస్కంతా తడమక్కర్లేదు" అంది. "మరి మా ఆయన ఎందుకు వద్దంటున్నాడు?" అన్నాను. నవ్వింది. "వేరే పార్టిషన్ అయితే మూసేసి తీరిగ్గా మార్చుకోవచ్చు. రూట్‌ని మూయడానికి లేదు, యంత్రం దాని మీదే నిలబడి ఉంటుంది. అందుకని మగవాళ్ళకి కాళ్ళు వణుకుతాయి" అంది. ఈ మాట రాయొద్దనుకున్నాను, రాసేశాను.

ఊరికొచ్చి పెద్దలకి చెబితే ఖలీఫా మమద్‌నబీ ఒప్పుకోలేదు.

"పరిగెడుతున్న గుర్రానికి నాడాలు మార్చే మనిషిని ఎక్కడైనా చూశామా అమ్మా?" అన్నాడు.

"పరిగెత్తడం లేదు బాబాయ్, రోజుకోసారి పడిపోతోంది" అన్నాను.

"పడ్డా లేస్తోందిగా. నువ్వు చెయ్యి పెట్టాక అసలు లేవకపోతే? అలిఫ్‌బెక్ వచ్చేదాకా ఆగలేవా?"

మామయ్య అంతదాకా గోడకి ఆనుకుని మల్బరీలు నములుతూ కూర్చున్నాడు. "ఖలీఫా, వరద అలిఫ్‌బెక్ సెలవు కాగితం చూసి వస్తుందా?" అన్నాడు. "నా కొడుకు తెలివైనవాడే, కాదనను. కానీ మాస్కోలో ఉన్న తెలివి ఇక్కడికి ఎలా పనికొస్తుంది? ఆ పిల్ల చేస్తానంటోంది. చేయనీ. పాడైతే నన్ను తిట్టండి, నాకు అలవాటే, మా ఆవిడ ముప్పై ఏళ్ళు తిట్టింది."

అంతా నవ్వారు. ఖలీఫా కూడా. అలా పని నా చేతికొచ్చింది.

పని చేసే పొద్దున మామయ్య పవర్‌హౌస్‌కి వెళుతూ, "ఇవాళ నీ యంత్రం మీద పిట్ట వాలినంత అదురు కూడా రానివ్వను. నువ్వు ఫోన్ చేసి చాలు అనేదాకా జాలీ దగ్గర నుంచి కదలను" అన్నాడు. చేతితో తిప్పే మన ఫోను ఎంత గరగరలాడినా ఆయన గొంతు మాత్రం ఎప్పుడూ స్పష్టంగానే వచ్చేది.

మొదట నీ ఫైళ్ళు, కొలతలు అన్నీ సీడీల మీదకి ఎత్తి, కొత్త కెర్నెల్ ఎక్కించాను. తర్వాత కాగితంలో ఉన్న ఆజ్ఞ కొట్టాను. నేను ఊపిరి బిగబట్టి వదిలేలోగా అయిపోయింది. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళు భయపడ్డాం అనుకున్నాను. డిస్కుల పట్టికలో రూట్ పక్కన ఉన్న ఫైల్ సిస్టమ్ పాత పేరు తీసి కొత్త పేరు రాశాను, ఆపి మళ్ళీ మొదలుపెట్టాను, చక్కగా లేచింది. మామయ్యకి ఫోన్ చేసి అయిపోయింది అన్నాను.

"అయితే పరీక్షిద్దామా? లాగెయ్యనా?" అన్నాడు.

చేతులారా కరెంటు తీయడమంటే! కానీ ఆయన అన్నదే నిజం, వేసవి మనల్ని అడిగి లాగదు. "లాగండి" అన్నాను. తెర నల్లబడింది. కాసేపటికి కరెంటు వచ్చింది. యంత్రం లేచి, మళ్ళీ ఎప్పటిలాగే డిస్కంతా తడుముకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం చాయ్ దగ్గర మామయ్య వదల్లేదు. "ఏమే కోడలా, మేనత్తకి కొత్త గౌను తొడిగావు, బుద్ధి మార్చలేదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాగితాలు మళ్ళీ మళ్ళీ చదివాను. తప్పెక్కడుందో రెండో రోజుకి దొరికింది. రూట్‌ని తెరవకముందే యంత్రం ఒక చిన్న మూట విప్పుకుని దాంతో లేస్తుందని నువ్వు నాకు ఒకసారి చెప్పావు. ఆ మూటలో కొత్త రకం ఫైల్ సిస్టమ్‌ని తెరిచే విద్య లేదు. అందుకని జర్నల్ ఉన్నా పట్టించుకోకుండా, తనకి తెలిసిన పాత పద్ధతిలోనే తెరుస్తోంది. పైకి ఏ తేడా కనిపించదు. ఏ తప్పూ చూపించదు. ఆ రోజు మామయ్య కరెంటు లాగి చూడకపోతే, అంతా మారిపోయిందనుకుని వేసవిలోకి వెళ్ళిపోయేవాళ్ళం. మూట మళ్ళీ కట్టాను, ఆ విద్య అందులో పెట్టాను.

"మళ్ళీ లాగండి మామయ్యా."

"ఖలీఫాని కూడా పిలువు. ఈసారి సిగ్గుపడితే ముగ్గురం కలిసి సిగ్గుపడదాం."

ఖలీఫా వచ్చి నా వెనక నిలబడ్డాడు. కరెంటు పోయింది, వచ్చింది. యంత్రం లేచింది. జర్నల్ చదువుకున్నట్టు ఒక్క వరస తెర మీద మెరిసింది, అంతే, మరుక్షణం కొలబద్ద అంకెలు వచ్చేశాయి. ఖలీఫా, "అయిపోయిందా? నేను సరిగ్గా చూడనే లేదు" అన్నాడు. ఫోన్‌లో మామయ్య పకపకా నవ్వడం వినిపించింది. "లేచిందా? తడుముకోకుండా లేచిందా?" అని పదే పదే అడిగాడు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. అలిఫ్‌బెక్, ఆ మాట నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను. సంతోషంతో అన్నాను. "ఇక మీదట మీరు కరెంటు తెచ్చిస్తే చాలు మామయ్యా, మిగతాదంతా అదే చూసుకుంటుంది."

"ఆహా, అయితే ఇక నేను జాలీ గోకడం కూడా ఉద్యోగమేనన్నమాట" అన్నాడు. ఆ వారమంతా ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ ఇదే చెప్పుకున్నాడు. పూర్వం కరెంటు పోతే నిదానంగా చాయ్ ముగించి లేచేవాడు, తొందరపడి ఏం లాభం, యంత్రం ఎలాగూ గంటసేపు లేవదు కదా అని. ఆ తర్వాత కరెంటు పోతే చాలు, గిన్నె కింద పెట్టేసి పరుగే.

జూలై మధ్యలో జరిగిందానికి వస్తున్నాను.

నీకు ఫోన్‌లో చెప్పింది ఇంతే: పై చెరువు తెగింది, సైరన్ మోగింది, ఊరంతా కొండెక్కాం. అది నిజమే. ఇప్పుడు మిగతాది చెబుతాను.

ఆ రోజు ఎండ మామూలుగానే ఉంది. బడికి సెలవు. బడిలో కంప్యూటర్ గది గుమ్మం దగ్గర నేను పర్వోనాని కూర్చోబెట్టి జుట్టు అల్లుతున్నాను. కరెంటు పోయింది. ఆ వేసవిలో అది రోజూ జరిగేదే, నేను లేవను కూడా లేదు. మామయ్య ఫోన్ చేశాడు. "ఏరు పాయసంలా ఉందే ఇవాళ. జాలీ గోకుతున్నాను, వస్తుంది" అన్నాడు. కరెంటు వచ్చింది. యంత్రం లేచింది. జడ ముగిసే లోపే సైరన్ మోగింది.

నేను తెర దగ్గరికి పరుగెత్తాను. చెరువు నీటిమట్టం దిగుతోంది. అంకె మారుతోంది, మళ్ళీ మారుతోంది, ఒక్కోసారికీ ఇంకా కిందికి. నిండినప్పుడు కాదు, దిగినప్పుడే భయపడాలని నువ్వు చెప్పింది అప్పుడు అర్థమైంది. గట్టు తెగింది. నీళ్ళు లోయలోకి దిగిపోయాయి. అవి మన దగ్గరికి రావడానికి ఎంత సమయం పడుతుందో నువ్వే లెక్కకట్టి గోడ మీద రాసి పెట్టావు. పాత పద్ధతిలో అయితే, ఆ సమయమంతా యంత్రం డిస్కు తడుముకుంటూ ఉండేది.

ఫోన్ మోగింది.

"అమ్మాయీ, నిరుడు గాడిద కొలబద్దకి వీపు గోక్కుంటే కూసింది చూడు, అలాంటి కూతేనా ఇది?"

"కాదు మామయ్యా. చెరువు దిగిపోతోంది. నా కళ్ళ ముందే దిగుతోంది."

ఆయన వెంటనే అడిగాడు.

"జనం కదిలారా?"

"కదులుతున్నారు. దిగువ చేలల్లో గడ్డి కోస్తున్నవాళ్ళు ఇంకా ఏటి పక్కనే ఉన్నారు."

"జాలీ మళ్ళీ పూడుకుపోతోంది. వదిలేస్తే కరెంటు పోతుంది, కూత ఆగిపోతుంది. కూత ఆగితే, ఉత్తుత్తిదేలే అనుకుని వెనక్కి తిరుగుతారు వెధవలు. నేను గోకుతూ ఉంటాను. నువ్వు పిల్లని తీసుకుని పైకి పో."

"మీరు?"

"నాకేమే! జాలీ వెనకాలే పైకి దారి ఉంది. మేకలా ఎక్కేస్తాను. పో, పో, ఫోన్ పెట్టు."

"సరే మామయ్యా" అని పెట్టేశాను.

పర్వోనాని చంకనేసుకుని బడి వెనక నుంచి ఎక్కాను. సైరన్ మోగుతూనే ఉంది. పాత సైనిక శిబిరం నుంచి నువ్వు మోసుకొచ్చి బిగించిన ఆ ముసలి మోటారు, కరెంటు ఉన్నంతసేపే తిరుగుతుంది కదా. తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. తగ్గినప్పుడల్లా జాలీ పూడుకుందని, పెరిగినప్పుడల్లా ఆయన గోకాడని నాకు తెలుస్తూనే ఉంది. గడ్డి కోతలవాళ్ళు కొడవళ్ళు పారేసి పరుగెత్తుకొస్తున్నారు. చూపు లేని ఖోసియత్ అవ్వని ఇద్దరు వీపున వేసుకుని తెచ్చారు. అందరి కంటే వెనక వస్తున్న ఖలీఫా కూడా బండ మీదకి ఎక్కాడు.

అప్పుడు లోయ పైనుంచి ఒక గాలి వచ్చింది. మట్టి వాసన వేసింది. కొండ మీద నిలబడ్డవాళ్ళ కాళ్ళ కింద నేల వణికింది. సైరన్ ఆగిపోయింది. ఈసారి తగ్గుతూ ఆగలేదు. కోసేసినట్టు ఆగింది.

అది ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు.

తర్వాత బురద వచ్చింది. పవర్‌హౌస్ లేదు. కాలువ లేదు. కింది తోట, ఏటి గట్టున వరసగా ఉన్న ఇళ్ళు, మన ఇల్లు, నువ్వు అడిగిన కప్పు, ఏవీ లేవు. మేమిద్దరం బడిలో ఉంటున్నాం. ఊరు మొత్తంలో పోయింది ఒక్కడు.

అలిఫ్‌బెక్, మీ నాన్న పోయారు.

తవల్లో పక్కన ఉన్నాడు కదా. కాసేపు చదవడం ఆపు. తర్వాత మొదలుపెట్టు.

వార్తల్లో చూసి నువ్వు ఊరి ఉపగ్రహ ఫోనుకి చేసినప్పుడు, "నాన్నకివ్వు" అన్నావు. "ఇక్కడ లేరు, నీళ్ళ దగ్గర ఉన్నారు" అన్నాను. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎత్తు మీద నిలబడి పనిచేసేవాడికి చావు కబురు ఫోన్‌లో చెప్పకూడదని ఖలీఫా, మిగతా పెద్దలు అప్పటికే నాతో అన్నారు. "చెప్పిన మర్నాడు మళ్ళీ ఆ పలకల మీదకే ఎక్కాలి వాడు. మనసు ఇక్కడుంటే కాలు అక్కడ జారుతుంది. ఒకర్ని పోగొట్టుకున్నాం, చాలదూ?" అన్నాడు ఖలీఫా. నేను ఒప్పుకున్నాను. ఆ నేరం వాళ్ళ మీద మోపను, చెప్పకుండా ఉన్నది నేనే. పోయినవాళ్ళ కోసం పెట్టే మూడో నాటి దీపం నువ్వు లేకుండానే వెలిగించారు. వత్తి పేనుతుంటే పత్తి ఖలీఫా చేతుల్లోంచి రెండుసార్లు జారింది. పర్వోనా నా ఒళ్ళోంచి లేచి వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పనిది.

జాలీ వెనక దారి ఉందన్నాడు మామయ్య. ఉండేది. వసంతంలో మంచుచరియ విరిగినప్పుడు ఆ దారి కొట్టుకుపోయింది. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు కాబట్టి నీకు తెలియదు. నాకు తెలుసు. ఆయనకి నేనే రొట్టెలు తీసుకెళ్ళేదాన్ని, ఎన్నోసార్లు చుట్టూ తిరిగి ఏటి పక్క నుంచే వెళ్ళాను. ఆయన దారి ఉందని అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. "లేదు మామయ్యా, ఆ దారి లేదు, వదిలేసి వచ్చెయ్యండి" అనడానికి నోరు తెరిచేంత సమయం ఉంది. కిటికీలోంచి చూస్తే దిగువ చేలల్లో ఆడవాళ్ళ తలగుడ్డలు ఎర్రగా కనిపిస్తున్నాయి, అప్పుడే నడుములెత్తి కొండవైపు చూస్తున్నారు. నా పక్కన సగం అల్లిన జడతో పర్వోనా. "సరే మామయ్యా" అన్నాను.

ఇంకొకటి. నేను ఆ రూట్ పార్టిషన్ మార్చకపోయి ఉంటే ఆయన బతికేవాడు. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఇలాగే తేలుతోంది. కరెంటు తెచ్చినా లాభం లేదని ఆయనకి తెలిసి ఉంటే, ఎప్పటిలా చాయ్ తాగుతూ ఇంటి దగ్గరే ఉండేవాడు. లాభం ఉందని నేను చెప్పాను. నవ్వుతూ చెప్పాను. అయితే ఆ రోజు యంత్రం పడుకునే ఉంటే ఆయన, నేను, పర్వోనా, గడ్డి కోతలవాళ్ళు ఎవరం ఉండేవాళ్ళమో, ఎవరం పోయేవాళ్ళమో నాకు తెలియదు. మన ఇల్లు ఏటి గట్టు మీదే ఉండేది కదా, ఆయన చాయ్ తాగేది ఆ ఇంట్లోనే కదా. ఒక్కోసారి ఈ లెక్కతో మనసు కుదుటపడుతుంది, ఒక్కోసారి పడదు. నువ్వు నన్ను ఏమనుకున్నా అనుకో. కానీ తెలిసి అనుకోవాలి. అందుకే రాస్తున్నాను.

శరదృతువులో మమ్మల్ని మాస్కో రమ్మన్నావు, గది చూశానన్నావు. ఇప్పుడు రాలేను. కింది లోయలో రెండు ఊళ్ళవాళ్ళు వచ్చి వాళ్ళ యంత్రాలకి కూడా ఇదే చేసిపెట్టమని అడిగారు. ఒకచోట చేసి వచ్చాను. వెళ్ళిన ప్రతిచోటా పవర్‌హౌస్ చూసే మనిషిని ముందు పిలిచి, కాలువ దగ్గర నుంచి పైకి దారి ఎక్కడుందో నాకు చూపించమంటున్నాను. దారి లేకపోతే, అది వేసేదాకా కంప్యూటర్ ముందు కూర్చోనని చెబుతున్నాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. చూడనీ. సైరన్‌కి వేరే బ్యాటరీలు కావాలని కూడా ఖోరోగ్‌లో అర్జీ పెట్టాం. నువ్వు రావాలా, అక్కడే ఉండాలా అన్నది నేను చెప్పను. నువ్వే తేల్చుకో.

నాన్న ఎక్కడున్నారని నువ్వు అడుగుతావు.

ఏరు ఆయన్ని సరిహద్దున పారే పాంజ్ నదిలోకి తీసుకుపోయింది. మేం ఇటు ఒడ్డున బురదంతా వెతుకుతుంటే సరిహద్దు కాపలా సైనికుడొకడు వచ్చి, అవతల ఒడ్డువాళ్ళకి ఒక ముసలాయన దొరికాడని చెప్పాడు. ఊరంతా నది దగ్గరికి వెళ్ళాం. నది దాటనివ్వలేదు, కానీ అరవనిచ్చారు. అవతల కూడా మన భాషవాళ్ళే, మన ప్రార్థనవాళ్ళే కదా. ఎండకి శవం ఆగదని, స్నానం చేయించి, తెల్లబట్ట కట్టి, వాళ్ళ తోట పైన మట్టిలో పెట్టేశారు. కొత్త మట్టి దిబ్బ ఇటు నుంచి స్పష్టంగా కనిపిస్తోంది.

అవతలి ఒడ్డున ఒక ముసలాయన నీళ్ళ అంచు దాకా వచ్చి అరిచాడు. "ఎవరి మనిషి?"

"మా మామయ్య! పేరు గరీబ్‌షో!" అని నేను అరిచాను.

"ఏం చేసేవాడు?"

"ఊరికి కరెంటు ఇచ్చేవాడు!" అన్నాను.

"కొడుకులున్నారా?"

"ఒక్కడే! దూరదేశంలో ఉన్నాడు!"

ముసలాయన వెనక్కి తిరిగి తనవాళ్ళతో ఏదో మాట్లాడాడు. మళ్ళీ చేతులు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "దిగులు పడొద్దని చెప్పండి! కొడుకు వేయాల్సిన మట్టి మావాడు వేశాడు! తలవైపు నిలబడి, కొడుకులాగే వేశాడు!"

"ఆయన పేరేంటి?" అని అరిచాను. నది హోరులో వినబడలేదు. మళ్ళీ అరిచాను. అప్పుడు వాళ్ళలోంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. నీ ఈడే ఉంటుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, గొంతు చించుకుని చెప్పాడు. నేను ఆ పేరు తిరిగి అరిచి, సరిగ్గా విన్నానో లేదో అడిగాను. అవునని చెయ్యి ఊపాడు.

షాహ్‌నవోజ్. నువ్వు లేని చోట నీ పని చేసిన మనిషి పేరు షాహ్‌నవోజ్.

ఇట్లు,
గరీబ్‌షో కోడలు,
నీ నుక్రా.